పొద్దు పొడవక ముందు ఉరకడానికి కొలిచిన రెండు కిలోమీటర్లు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో ఉంటాను. ఆర్టీసీలో కండక్టర్‌ని. వయసు 41. కొన్నేళ్లుగా దూర పరుగు సాధన చేస్తున్నాను. ఈ మధ్య మీ లేఖల శీర్షికలో ఒక పెద్దమనిషి రాసిన ఉత్తరం చదివాను. తెల్లవారుజామున చీకట్లో ఆడవాళ్లు రోడ్ల మీద ఉరకడం ఎందుకని, ఆరోగ్యం కోసమే అయితే పొద్దెక్కాక ఏ పార్కులోనో అరగంట నడిస్తే చాలదా అని, పతకం వచ్చేది లేనప్పుడు గడియారం చూసుకుంటూ పరుగెత్తడానికి అర్థమేమిటని ఆయన అడిగారు. మా క్షేమం కోరే అలా రాశారని నమ్ముతున్నాను. కాబట్టి వివరంగానే జవాబు చెప్పాలనిపించింది. ఈ జవాబులో ఒక కోరిక కూడా ఉంది. దాన్ని ముందే చెప్పేస్తాను. హనుమకొండ, కాజీపేట, వరంగల్ మూడింటిలో ఎక్కడో ఒకచోట రెండు కిలోమీటర్ల దారిని సరిగ్గా కొలిచి, గుర్తులు పెట్టి, ఒక కొసన తాగునీటి కుళాయి ఉంచి, తెల్లవారుజాము నాలుగింటి నుంచి వెలుతురు వచ్చేదాకా దీపాలు వెలిగించి ఉంచాలి.

ముందు టైము సంగతి. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. మొన్న ఆగస్టులో హైదరాబాద్‌లో దాన్ని 4 గంటల 41 నిమిషాల్లో పూర్తిచేశాను. ఇప్పటివరకు నాకు అదే మేలైన టైము. వచ్చే జనవరిలో ముంబైలో నాలుగున్నర గంటల లోపు రావాలని సాధన చేస్తున్నాను. తేడా 11 నిమిషాలే కదా అంటారు. కిలోమీటరు లెక్కన చూస్తే 6 నిమిషాల 40 సెకన్ల నుంచి 6 నిమిషాల 24 సెకన్లకు రావాలి. ప్రతి కిలోమీటరులో 16 సెకన్లు తగ్గాలి. మొదటి కిలోమీటరులో ఎవరైనా తగ్గిస్తారు. ముప్పై కిలోమీటర్లు దాటి కాళ్లు మొండికేసిన తర్వాత కూడా అదే పదహారు తగ్గాలి.

హైదరాబాద్ దారి నెక్లెస్ రోడ్డు దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగుస్తుంది. మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ పోవాలి. పైగా ఆగస్టు ఉక్కపోత. ముంబైలో పరుగు జనవరి మూడో ఆదివారం ఉంటుంది. అక్కడా తేమ తప్పదు కానీ ఎత్తుపల్లాలు తక్కువ. ఒక్క పెద్దర్ రోడ్డు ఎత్తు మాత్రం 35 కిలోమీటర్లు దాటి ఒంట్లో ఏమీ మిగలని వేళ ఎదురొస్తుంది. దానికోసమే నేను కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఎక్కడం దిగడం సాధన చేస్తున్నాను.

పతకం రాదు కదా అన్న ప్రశ్నకు నా దగ్గర ఉన్న జవాబు ఇది. నా ఉద్యోగంలో ప్రతి నిమిషానికీ లెక్క ఉంటుంది. బస్సు ఎన్నింటికి బయల్దేరింది, ఏ స్టేజీ ఎన్నింటికి దాటింది, టిమ్ మిషన్‌లో ఎన్ని టికెట్లు కొట్టాను, అందులో ఆడవాళ్ల ఉచిత ప్రయాణానికి ఇచ్చే జీరో టికెట్లు ఎన్ని, అన్నీ రాతలోకి వస్తాయి. ఆ టైము ప్రయాణికులది, డిపోది. ఇంటికొచ్చాక టైము పిల్లలది, వంటింటిది. 4 గంటల 41 నిమిషాలు మాత్రం నా పేరు మీద ఉన్న టైము. దాన్ని నాకు ఎవరూ ఇవ్వలేదు. నా బదులు ఎవరూ తగ్గించలేరు. ఇంతకన్నా పెద్ద కారణం నేను వెతకలేదు, అవసరమూ అనిపించలేదు. ఆడవాళ్ల ఒళ్లు ఇంత దూరం తట్టుకోదని ప్రపంచమంతా చాలాకాలం నమ్మింది. 1984లో లాస్ ఏంజెలెస్ దాకా ఒలింపిక్స్‌లో మహిళలకు మారథాన్ పోటీయే లేదు. ఆ మొదటి పోటీని అమెరికాకు చెందిన జోన్ బెనోయిట్ 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచింది. నేను పుట్టింది ఆ ఏడాదే. మా అమ్మ తరంలో మన ఊళ్లలో ఆడపిల్ల రోడ్డు మీద ఉరికిందంటే ఏదో జరిగి ఉండాలి అనుకునేవాళ్లు. ఇప్పుడు బస్సులో ప్రయాణికులే ఆగి అడుగుతారు: “మేడం, మొన్న భీమారం కాడ ఉరుకుతుంటె చూసిన, మీరేనా?” ఆ మాట అడిగిన ఒకామె దిగేటప్పుడు, తన బిడ్డ కూడా కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతోందని, ఎక్కడ ఉరికితే బాగుంటుందో చెప్పమని కోరింది. ఈ ఉత్తరం రాయడానికి ఆ అమ్మాయి కూడా ఒక కారణం, ఎందుకంటే ఆ తల్లికి నేను సరైన చోటు చెప్పలేకపోయాను.

ఇక చీకటి సంగతి. సాధన ఎలా ఉంటుందో తెలిస్తేనే చీకట్లో ఎందుకన్నది అర్థమవుతుంది.

మారథాన్ సాధనలో ఎక్కువ భాగం మెల్లగా ఉరకడమే. నా మామూలు పరుగు కిలోమీటరుకు ఏడుంపావు నిమిషాలు, ఒక్కోసారి ఏడున్నర. ఉరుకుతూ పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. ఆ వేగంలో గంటలకొద్దీ కదిలితే కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది, గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపుతుంది. పరుగు నేర్చుకుంటున్న మా దగ్గరి కుర్రాళ్లకు దీన్ని నమ్మించడం కష్టం. కానిస్టేబుల్ కొలువుకు తయారవుతున్న పిల్లలు పొద్దుగాల గ్రౌండ్‌లో రోజూ ప్రాణం పెట్టి ఉరుకుతారు. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పెట్టారు. రోజూ అదే వేగంతో ఉరికి ఉరికి పిక్క ఎముక నొప్పి తెచ్చుకొని, సరిగ్గా పరుగు పరీక్షలు ఉండే ఈవెంట్స్ ముందు కూలబడిన పిల్లలను చూశాను. ఒక అబ్బాయి నన్ను దాటేస్తూ, “అక్కా, గింత మెల్లగ ఉరికితె టైము ఎట్ల తగ్గుతది?” అన్నాడు. “తమ్మీ, ఉరుక్కుంట నాతోని ముచ్చట పెట్టగల్గుతున్నవా? పెట్టలేకపోతె ఇయ్యాల నీది ఎక్కువైనట్టే” అన్నాను. ఇప్పుడా పిల్లవాడు వారంలో రెండు రోజులే గట్టిగా ఉరుకుతున్నాడు, మిగతా రోజులు నాతో ముచ్చట్లు పెడుతూ వస్తున్నాడు. కాలి నొప్పి పోయింది.

నాకూ గట్టి పరుగు ఉంటుంది, వారానికి ఒకసారి. మొదట రెండు కిలోమీటర్లు ఒళ్లు వేడెక్కేదాకా, తర్వాత ఎనిమిది కిలోమీటర్లు, ఒక్కో కిలోమీటరు ఆరు నిమిషాల లోపు, చివర మళ్లీ మెల్లగా. ఇంకో రోజు లాంగ్ రన్, అంటే వారంలో అన్నిటికన్నా పొడవైన పరుగు. అది 24 కిలోమీటర్లతో మొదలై 28కి, 32కి పెరుగుతుంది. నా వీక్లీ ఆఫ్ ఏ రోజు పడితే లాంగ్ రన్ ఆ రోజు. అందరి ఆదివారం నాకు ఆదివారం కాదు. 32 కిలోమీటర్లు నా మామూలు వేగంతో ఉరికితే దాదాపు నాలుగు గంటలు. పొద్దు పొడిచాక మొదలుపెడితే ఎప్పటికి అవుతుందో, ఎండ ఎక్కడికి చేరుతుందో ఆ పెద్దమనిషి లెక్క వేసుకోవాలని మనవి. డ్యూటీ ఉన్న రోజు ఇంకా ఇరుకు. ఎనిమిదింటికి డిపోలో ఉండాలంటే ఏడింటికల్లా స్నానం, వంట, పిల్లల టిఫిన్ డబ్బాలు అయిపోవాలి. వెనక్కి లెక్కపెడితే నాలుగింబావుకు గడప దాటాలి. జనవరిలో మనకు సూర్యుడు వచ్చేసరికి ఆరుముప్పావు అవుతుంది. అంటే నా పరుగు మొత్తం చీకట్లోనే. సాయంత్రం ఉరకొచ్చు కదా అంటారు. సందు లేని బస్సులో రోజంతా నిలబడి ఆ కొసకు ఈ కొసకు తిరిగిన కాళ్లతో సాయంత్రం పరుగు చేసి చూశాను. మెల్లటి పరుగు అయితే సాగుతుంది, గట్టి పరుగు సాగదు.

ఎండాకాలం సంగతి వేరే చెప్పాలా. మన దగ్గర మేలో 44, 45 డిగ్రీలు చూస్తాం. వేడిలో ఉరికితే ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, కండరాలకు తగ్గుతుంది, అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. 2023 అక్టోబరులో చికాగోలో కెన్యాకు చెందిన కెల్విన్ కిప్టుమ్ 2 గంటల 35 సెకన్లలో మారథాన్ పూర్తిచేశాడు. అలాంటి టైములు చల్లని ఉదయాల్లో చల్లని ఊళ్లలోనే వస్తాయి. మనకున్న చల్లదనం నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఉండే ఆ కాస్త సేపే. దాన్ని వదులుకుని ఎనిమిదింటికి పార్కుకు పొమ్మంటే సాధన మానేయమన్నట్టే.

ఒంట్లో ఇంధనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీళ్ల కుళాయి ఎందుకు కావాలో దాంట్లోనే ఉంది. మనం తిన్న అన్నం, జొన్నరొట్టె ఒంట్లో గ్లైకోజెన్‌గా దాచిపెట్టుకుంటే సుమారు 2000 కేలరీలు ఉంటుంది. కిలోమీటరు ఉరికితే కిలో బరువుకు దాదాపు ఒక కేలరీ ఖర్చు. నా బరువు 58 కిలోలు, అంటే 42 కిలోమీటర్లకు 2400 పైచిలుకు కావాలి. కొంత కొవ్వు నుంచి వస్తుంది కానీ అది మెల్లగా అందుతుంది. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర చాలామంది ఉన్నట్టుండి కుదేలయ్యేది ఇందుకే. కాబట్టి పరుగులోనే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం తీసుకోవాలి. అంగట్లో దొరికే జెల్ ప్యాకెట్లు నా జీతానికి బరువే. నేను బెల్లం చిన్న ముక్కలుగా కొట్టి, ఖర్జూరాలతో కలిపి నడుము సంచిలో పెట్టుకుంటాను. సీసాలో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు: లీటరుకు ఆరు టీ చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, తల కొట్టి. ఉత్త నీళ్లు అదేపనిగా తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణం మీదికి వస్తుందని కొత్తగా మొదలుపెట్టే వాళ్లకు తప్పకుండా చెబుతాను. కడుపు వీటన్నింటికీ అలవాటుపడాలంటే లాంగ్ రన్‌లోనే తింటూ తాగుతూ సాధన చేయాలి. నాలుగు గంటల నీళ్లు నడుముకు కట్టుకొని ఎవరూ ఉరకలేరు.

మా ఆయన ఆటో నడుపుతారు. నా లాంగ్ రన్ రోజుల్లో వీలైనప్పుడల్లా పాత టీవీఎస్ బండి మీద నీళ్ల సీసాలు పెట్టుకుని వెనక వస్తారు. “నువ్వు ఉరుకు, నేను ఎన్క లైటు పట్టుకొస్త” అంటారు. కేయూ క్రాస్ రోడ్డు దాటి భీమారం, హసన్‌పర్తి వైపు పోయి వెనక్కి వచ్చే దారిలో ఆ హెడ్‌లైటే నాకు వీధి దీపం. చాలాచోట్ల స్తంభాలు ఉన్నాయి, బల్బులు ఉన్నాయి, నాలుగున్నరకు వెలగవు. ములుగు రోడ్డు విశాలంగా ఉంటుంది కానీ ఆ వేళకు ఇసుక లారీలు వరుస కడతాయి. డ్రైవర్‌కు నిద్ర ముంచుకొచ్చే వేళ అదేనని రోజూ డ్రైవర్ల పక్కన నిలబడే నాకు బాగా తెలుసు. కుక్కలు ఒకటి మొరిగితే గుంపు కడతాయి. పరుగు ఆపి, కదలకుండా నిలబడి, అవి తగ్గాక నడుచుకుంటూ దాటాలి. ఆరు నిమిషాల లోపు ఉరకాల్సిన కిలోమీటరు మధ్యలో అలా రెండుసార్లు ఆగితే ఆ రోజు సాధన పోయినట్టే. బండి మీద పోతూ మాటలు విసిరే మగవాళ్లు ఉంటారు, వాళ్ల గురించి ఇక్కడ ఎక్కువ రాయను. వెలుతురు ఉన్న చోట, నలుగురు ఉరికే చోట అలాంటివాళ్లు నోరెత్తరని మాత్రం చూశాను. వెనక బండి మీద వచ్చే మనిషి అందరికీ ఉండడు. బస్సులో నన్ను అడిగిన ఆ తల్లి కూతురికి అసలే లేడు, తండ్రి దుబాయిలో ఉన్నాడట.

గ్రౌండ్‌కు పోవచ్చు కదా అని అడగొచ్చు. పోయాను. నేను పోయిన గ్రౌండ్ గేటుకు ఐదున్నర దాకా తాళం ఉంటుంది. వాచ్‌మన్‌ను తప్పుపట్టను, ఆయనకు చెప్పిన టైము అది. తాళం తీసే వేళకు నా పరుగు సగం అయిపోయి ఉండాలి.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది దూరం కొలత. చీకటికి టార్చి ఉంది, కుక్కలకు ఓపిక ఉంది, దీనికి మాత్రం నా చేతిలో మందు లేదు. నా దగ్గర జీపీఎస్ గడియారం ఉంది, తక్కువ ధరది. నయీంనగర్ వైపు మేడల మధ్య, చెట్ల కింద అది దారి తప్పుతుంది. ఇంటి నుంచి పోయి వచ్చే ఒకే దారిని ఒకరోజు 10.1 అంటుంది, ఇంకోరోజు 9.8 అంటుంది. పదికి మూడొందల మీటర్ల తేడా అంటే వందకు మూడు. నా వేగంలో వందకు మూడు అంటే కిలోమీటరుకు దాదాపు 12 సెకన్లు. నేను నెలల తరబడి శ్రమపడి తగ్గించుకోవాల్సింది 16 సెకన్లు. అందులో ఎన్ని నా కాళ్లు తెచ్చినవో, ఎన్ని గడియారం కల్పించినవో తెలియకుండానే నేను ముంబై రైలు ఎక్కాలి. హైవే పక్క కిలోమీటరు రాళ్లను నమ్ముకుందామంటే అవి వాహనాలకు దారి చెప్పడానికి పాతినవి. సెకన్ల లెక్కకు నిలబడవు.

సింథటిక్ ట్రాక్ దొరికితే కొలత సమస్య తీరుతుంది. మొదటి లేన్‌లో చుట్టు 400 మీటర్లు. బయటి లేన్‌కు పోయేకొద్దీ చుట్టుకు ఏడున్నర మీటర్ల పైన పెరుగుతూ పోతుంది. ఎనిమిదో లేన్‌లో 50 మీటర్లకు పైగా ఎక్కువ. నడిచేవాళ్లు, షటిల్ రన్ చేసేవాళ్లు, పోలీసు ఈవెంట్స్ పిల్లలు అందరూ లోపలి లేన్‌లోకే వస్తే 800 మీటర్లకు టైము పెట్టుకున్న ఆడపిల్ల పక్కకు జరిగి ఉరుకుతుంది, తన టైము ఎంతో తనకే తెలియదు. పైగా ఎనిమిది, పది కిలోమీటర్ల గట్టి పరుగును ట్రాక్ మీద ఒకే వైపు తిరుగుతూ చేస్తే ఒక కాలి మీదే భారం పడుతుంది. మారథాన్ రోడ్డు పోటీ. రోడ్డు మీదే సాధన కావాలి.

రోడ్డును కొలవడం కష్టమైన పనేమీ కాదు. పెద్ద మారథాన్‌లను కూడా సైకిల్‌తోనే కొలుస్తారు. ముందు ఉక్కు టేపుతో తిన్నటి రోడ్డు ముక్క ఒకటి కొలుస్తారు. చక్రం తిరుగుళ్లను లెక్కపెట్టే చిన్న పరికరం బిగించిన సైకిల్‌ను ఆ ముక్క మీద అటూ ఇటూ తొక్కి, ఎన్ని అంకెలకు ఎంత దూరమో నిర్ధారిస్తారు. తర్వాత అదే సైకిల్‌తో అసలు దారిని, మలుపుల్లో లోపలి అంచుకు దగ్గరగా, మనిషి ఉరికే అతి దగ్గరి గీత వెంట తొక్కుతారు. ఎండకు టైరులో గాలి ఉబ్బితే లెక్క మారుతుంది కాబట్టి పని అయ్యాక మళ్లీ ఆ ముక్క మీద తొక్కి సరిచూస్తారు. చివరగా, దారి పొరపాటున కూడా తక్కువ కాకూడదని కిలోమీటరుకు ఒక మీటరు కలుపుతారు. మొత్తం మారథాన్ మీద అది 42 మీటర్లు. ఒక పొడవాటి టేపు, ఒక సైకిలు, ఒక డబ్బా తెల్ల పెయింటు, ఇద్దరు ముగ్గురు పీఈటీ సార్లు ఉంటే రెండు కిలోమీటర్ల పని పొద్దటిపూటే అయిపోతుంది. ప్రతి 200 మీటర్లకు చిన్న గీత, 400, 800, 1600 దగ్గర పెద్ద గీత చాలు. పోలీసు పిల్లలకు, ఆర్మీకి పోయే పిల్లలకు, మోకాళ్ల నొప్పులతో డాక్టర్ నడవమన్న పెద్దవాళ్లకు, నాలాంటి వాళ్లకు, అందరికీ అదే గీత పనికొస్తుంది.

ఇంత అడిగే హక్కు ఈ ఊరికి ఉందా అంటే, ఉంది. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు మన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలోనే జరిగాయి. 2002 నుంచి నిలిచి ఉన్న సునీతా రాణి 1500 మీటర్ల జాతీయ రికార్డును హర్మిలన్ బైన్స్ 4 నిమిషాల 5.39 సెకన్లతో ఈ ట్రాక్ మీదే దాటింది. దేశంలో ఏ ఆడమనిషీ అప్పటిదాకా ఉరకని వేగం మన ఊళ్లో నమోదైంది. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024లో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ 400 మీటర్ల టీ20 (మేధో వైకల్యం ఉన్నవాళ్ల) విభాగంలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. కల్లెడ మనకు ఎంత దూరం? బస్సు ఎక్కితే గంట, గంటన్నర. ఆ అమ్మాయి ఫొటో మీ మొదటి పేజీలో వచ్చిన రోజు మా బస్సులో పేపరు చేతులు మారుతూ వెనక సీటు దాకా పోయింది. అలాంటి పిల్లలు ఇంకా ఉన్నారు. వాళ్లు మొదటిసారి ఉరికేది స్టేడియంలో కాదు, ఇంటి ముందు రోడ్డు మీద.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట చెప్పకుండా ఉండలేను, ఈ ఉత్తరానికి నేరుగా సంబంధం లేకపోయినా. రెండేళ్ల క్రితం నేను ఎంత సాధన చేసినా టైము కదల్లేదు. మెట్లెక్కితే ఆయాసం, పరుగులో కాళ్లు బరువు. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. 12 ఉండాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. బస్సులో నా చుట్టూ నిలబడ్డ ఆడవాళ్లలో సగం మందికి పైగా అన్నమాట. ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబినే, అది తక్కువైతే ఎన్ని కిలోమీటర్లు ఉరికినా ఫలితం ఉండదు. డాక్టరమ్మ ఇనుము మాత్ర రాసి, నిమ్మరసంతో వేసుకోమంది, మాత్రకు ముందూ వెనకా చాయ్ తాగవద్దంది, చాయ్ ఇనుమును ఒంటికి పట్టనివ్వదట. డిపోలో చాయ్ మానడం నాకు పరుగు కన్నా కష్టమైంది కానీ మానాను. కొన్ని నెలల్లో 12 దాటింది. ఆ తర్వాతే 4 గంటల 41 నిమిషాలు వచ్చాయి. షూ కొనే ముందు రక్తపరీక్ష చేయించుకోండి, ఉరకని వాళ్లు కూడా.

మళ్లీ అసలు విషయానికి. పట్టణం బాగోగులు చూసే అధికారులకు మీ పత్రిక ద్వారా నా మనవి ఇది. దారి ఎక్కడన్నది వాళ్లే తేల్చనివ్వండి. వడ్డేపల్లి చెరువు వైపు అయినా, హంటర్ రోడ్డు వైపు అయినా, కాజీపేట అవతల మడికొండ వైపు అయినా సరే. మలుపులు తక్కువ ఉండాలి, మధ్యలో పెద్ద కూడలి ఉండకూడదు, ఎత్తుపల్లాలు లేకుంటే మంచిది. రెండు కిలోమీటర్లు అంటే పోయి వస్తే నాలుగు, నా లాంగ్ రన్‌కు ఎనిమిదిసార్లు తిరిగితే 32 అవుతాయి. విసుగనిపించదు. మూడున్నర గంటలు దాటి కదిలే మనిషికి వెలుతురు, నీళ్లు, పక్కన నలుగురు మనుషులు ఉన్న చోటు వరమే. ఒక కొసన తాగునీటి కుళాయి ఒకటి చాలు. దీపాలకు కరెంటు ఖర్చు అంటారేమో. స్తంభాలు ఉన్న దారినే ఎంచుకుంటే కొత్తగా పాతాల్సింది లేదు, అర్ధరాత్రి ఆరిన ఎల్ఈడీ బల్బులను నాలుగింటికి మళ్లీ వెలిగించి, ఎండాకాలం ఐదున్నరకు, చలికాలం ఆరున్నరకు ఆర్పితే సరిపోతుంది. వీధి కుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, రేబిస్ టీకాలు ముందుగా ఆ చుట్టుపక్కల వేయిస్తే పిల్లలకు, పాల వాళ్లకు, పేపరు వేసే అబ్బాయిలకు కూడా మేలు. పోలీసు పెట్రోలింగ్ బండి ఐదింటికి ఒకసారి అటు తిరిగితే ఇంకేం కావాలి.

ఉత్తరం రాసిన పెద్దాయనకు కూడా ఒక విన్నపం. మీరు మా గురించి భయపడ్డారు, ఆ భయం అబద్ధం కాదు. అదే భయాన్ని దీపాలు వెలగని రోడ్డు మీద పెట్టండి, మా మీద పెట్టకండి. మీ పేరుతో మీరు కూడా ఇలాంటి దారి కావాలని ఒక ఉత్తరం రాస్తే, నాలాంటి వాళ్లు పది రాసిన దానికన్నా ఎక్కువ బరువు ఉంటుంది. దారి వచ్చాక మీరూ రండి. ఆ గీతల మీద నడిచేవాళ్లకూ చోటు ఉంటుంది.

జనవరి పరుగుకు ముందు చివరి మూడు వారాలు దూరం తగ్గించి ఒంటికి విశ్రాంతి ఇవ్వాలి, కాబట్టి ఈసారికి నా లాంగ్ రన్‌లు మా ఆయన హెడ్‌లైట్ వెలుగులోనే అయిపోతాయి. నేను అడుగుతున్నది ఎండాకాలానికి. మార్చి వచ్చేసరికి ఏడింటికే మాడు మండుతుంది, పోలీసు పిల్లలు, మేము అందరం ఇంకా ముందే లేవాలి. దారి కొలిచే రోజు ఏదో చెబితే నా వీక్లీ ఆఫ్ ఆ రోజుకు మార్చుకుని వస్తాను. టేపు ఒక కొస పట్టుకోవడానికి నేను, రెండో కొసకు మా ఆయన, గీతలు గీయడానికి కానిస్టేబుల్ పరీక్షకు తయారవుతున్న మా తమ్ముళ్లు, చెల్లెళ్లు సిద్ధంగా ఉన్నాం.

భవదీయురాలు,
ఒక ఆర్టీసీ మహిళా కండక్టర్,
హనుమకొండ